ఓ.యూ. 001 వెనక పనితనం

వెలుతురు సాయంతో హైడ్రోజన్ విడుదల చేసే సూక్ష్మజీవుల మీద గత మూడు దశాబ్దాల్లో వచ్చిన పరిశోధన పత్రాలు తిరగేస్తుంటే ఒక పేరు మళ్ళీ మళ్ళీ తగులుతుంది: రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్ ఓ.యూ. 001. టర్కీ రాజధాని అంకారాలోని ఒక విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి దీనితో పనిచేసింది. దాని జన్యువులను మార్చే పనిలో హంగరీ శాస్త్రవేత్తలు చెయ్యి కలిపారు. జర్మనీలోని సూక్ష్మజీవుల భాండాగారం దీన్ని డీఎస్ఎం 5864 అన్న సంఖ్యతో భద్రపరిచింది. పేరు చివర కనిపించే ఆ ఓ.యూ. మన ఉస్మానియా యూనివర్సిటీయే.

ఈ సంగతి హైదరాబాదులోనే చాలామందికి తెలియదు. ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం గురించి, దాని మెట్ల మీద పుట్టిన ఉద్యమాల గురించి చెప్పుకున్నంతగా ఆ క్యాంపస్ ప్రయోగశాలల్లో జరిగిన పని గురించి మనం చెప్పుకోం. ఇప్పుడు స్వచ్ఛమైన హైడ్రోజన్ గురించి దేశమంతా మాట్లాడుతోంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. కానీ అంతకు మూడు దశాబ్దాల ముందే, తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో ముగ్గురు నలుగురు మనుషులు ఒక బాక్టీరియాను కూర్చోబెట్టుకుని, దాని చేత హైడ్రోజన్ ఎలా ఇప్పించాలో ఓపిగ్గా తేల్చుకున్నారు. ఆ పని తీరును దగ్గరగా చూడాలి.

వాళ్ళ పేర్లు శశికళ, వెంకటరమణ, పి. రఘువీర్ రావు. 1990 నాటి పత్రాల్లో ఎం. సుబ్రహ్మణ్యం పేరు కూడా కనిపిస్తుంది. ఆయన ఐఐసీటీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు. క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ వైపు కాస్త సాగితే ఉప్పల్ రోడ్డు మీద వచ్చే పెద్ద ఆవరణే ఐఐసీటీ. 1944లో హైదరాబాద్ సంస్థానపు ప్రయోగశాలగా మొదలై, 1956లో సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, చాలాకాలం ఆర్ఆర్ఎల్‌గా పిలిపించుకున్న సంస్థ అది. పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఒక వైపు మొక్కలూ సూక్ష్మజీవులూ తెలిసినవాళ్ళు, రోడ్డుకు అవతల రసాయన చర్యలు తెలిసినవాళ్ళు. ఇలాంటి పనికి అంతకంటే మంచి ఇరుగుపొరుగు దొరకదు.

ముందు బాక్టీరియా సంగతి. దీన్ని ఊదా బాక్టీరియా కుటుంబంలో చేరుస్తారు. చెరువు బురదలోనో, నీళ్ళు నిలిచిన మడిలోనో గాలి ఆడని చోట ఇలాంటివి బతుకుతుంటాయి. ఇదీ కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది గానీ, ఆకు చేసినట్టు నీటిని చీల్చదు, ఆక్సిజన్ వదలదు. తనకు కావలసిన ఎలక్ట్రాన్లను మాలిక్, లాక్టిక్, ఎసిటిక్ వంటి సేంద్రియ ఆమ్లాల నుంచి లాక్కుంటుంది. ఈ తేడా చిన్నది కాదు. కొన్ని ఆకుపచ్చ నాచులు కూడా హైడ్రోజన్ ఇస్తాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ గాఫ్రాన్ బృందం 1940ల మొదట్లోనే చూపింది. కానీ నాచు తాను వదిలే ఆక్సిజన్‌తో తన హైడ్రోజన్ ఎంజైమును తానే చంపుకుంటుంది. ఊదా బాక్టీరియాకు ఆ బెడద లేదు. ఇవి వెలుతురులో హైడ్రోజన్ వదులుతాయని 1949లో అమెరికాలో హోవర్డ్ గెస్ట్, మార్టిన్ కామెన్ గమనించారు. ఉస్మానియా బృందం అందుకున్న దారి అదే.

హైడ్రోజన్ బయటికి వచ్చేది నైట్రోజినేజ్ అనే ఎంజైము ద్వారా. ఆ ఎంజైము అసలు పని వేరు. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చి కణానికి తిండి పెట్టడం దాని వృత్తి. ఒక్కో నత్రజని అణువుకు, కణంలో శక్తికి నాణేల్లాంటి ఏటీపీలు 16 ఖర్చుపెట్టి, ఆ దారిలో ఒక హైడ్రోజన్ అణువును కూడా వదులుతుంది. మరి దాని ముందు నత్రజనే లేకపోతే? అప్పుడు దాని చేతికి వచ్చిన ఎలక్ట్రాన్లన్నీ ప్రోటాన్ల మీదికే పోయి హైడ్రోజన్ మాత్రమే వస్తుంది. అణువుకు 4 ఏటీపీల ఖర్చు. ఏటీపీ తయారీకి ఎండ ఉంది కాబట్టి కణానికి ఆ ఖర్చు మోయలేని భారం కాదు. లోపల ఎలక్ట్రాన్లు ఎక్కువై పోగుపడినప్పుడు వాటిని వదిలించుకునే మార్గంగా కూడా కణానికి ఇది పనికొస్తుంది.

చెప్పడానికి ఇంత తేలిక. చేయించడంలోనే ఉంది కష్టమంతా. నైట్రోజినేజ్ పుట్టాలంటే కణానికి నత్రజని కరువు తెలియాలి. కరువు మరీ ఎక్కువైతే కణం పెరగదు. ఎంజైము కూడా ప్రోటీనే, దాన్ని కట్టుకోవడానికీ నత్రజని కావాలి. అమ్మోనియం లవణం వేస్తే కణం బాగా పెరుగుతుంది, కానీ ఆ వాసన తగిలిన మరుక్షణం నైట్రోజినేజ్ మూతపడుతుంది. కొత్తది తయారవడం ఆగిపోతుంది, ఉన్నది కూడా పనిచేయడం మానేస్తుంది. కణం బతకాలి, పెరగాలి, అయినా తనకు నత్రజని చాలడం లేదనే అనుకుంటూ ఉండాలి. ఈ పనిలో నేర్పంతా ఏం పెట్టకూడదు, ఎంత మేరకు పెట్టకూడదు అన్న లెక్కలోనే ఉంది.

దీనికి దొరికిన జవాబు గ్లూటమేట్. నత్రజని ఉన్న అమైనో ఆమ్లమే గానీ, కణం దాన్ని నెమ్మదిగా వాడుకుంటుంది. అమ్మోనియంలా ఒక్కసారిగా కడుపు నింపదు. ఓ.యూ. 001తో చేసే ప్రయోగాలకు తర్వాత ప్రామాణికంగా స్థిరపడిన మాధ్యమాన్ని చూస్తే ఈ లెక్క ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది. లీటరు నీటికి 15 మిల్లీమోల్‌ల మాలిక్ ఆమ్లం, 2 మిల్లీమోల్‌ల సోడియం గ్లూటమేట్. గ్రాముల్లో చెప్పాలంటే మాలిక్ ఆమ్లం సుమారు 2 గ్రాములు, గ్లూటమేట్ గ్రాములో మూడో వంతు. చైనీస్ వంటల్లో వేసే అజినొమోటో అదే పదార్థం. దానితో పాటు చిటికెడు లవణాలు, కొన్ని విటమిన్లు. ఇనుము, మాలిబ్డినం తప్పకుండా ఉండాలి, నైట్రోజినేజ్ గుండెలో ఉండే లోహాలు అవే.

ఈ రెండు గ్రాముల మాలిక్ ఆమ్లం నుంచి గరిష్ఠంగా ఎంత రాబట్టవచ్చో కాగితం మీద లెక్క కట్టవచ్చు. ఒక్కో మాలిక్ ఆమ్ల అణువు మూడు నీటి అణువులతో కలిసి పూర్తిగా విచ్ఛిన్నమైతే ఆరు హైడ్రోజన్ అణువులు, నాలుగు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. అంటే 15 మిల్లీమోల్‌లకు 90 మిల్లీమోల్‌ల హైడ్రోజన్. 30 డిగ్రీల దగ్గర అది రెండు లీటర్ల పైచిలుకు వాయువు. సీసాలో ఒక లీటరు మాధ్యమం, దాని నుంచి రెండు లీటర్ల వాయువు. ఆ గరిష్ఠానికి ఎంత దగ్గరగా వెళ్ళగలిగారన్నదే పనివాడి కొలమానం. తిండిలో కొంత కణం పెరుగుదలకు పోతుంది, కొంత కణం లోపల పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్ అనే ప్లాస్టిక్ ముద్దలుగా దాచుకోవడానికి పోతుంది, మిగిలిందే మనకు.

ఉస్మానియా బృందం పత్రాలను వరసగా పెట్టుకుంటే ఒక పద్ధతి కనిపిస్తుంది. 1990లో ఒక పత్రం సీసాలో నీటిపైన ఏ వాయువు ఉంటే హైడ్రోజన్ ఎలా మారుతుందో పరిశీలించింది. అదే ఏడాది ఇంకొకటి స్వేచ్ఛగా తిరిగే కణాలనూ, ఒక ఆధారంలో బంధించిన కణాలనూ పక్కపక్కన పెట్టి వాటిలో నైట్రోజినేజ్, హైడ్రోజినేజ్ ఎంజైముల పనిని కొలిచింది. 1991లో పరిసర పరిస్థితులు: ఏ స్థితిలో కణాలు బాగా పెరుగుతాయి, ఏ స్థితిలో హైడ్రోజన్ బాగా వస్తుంది. 1992లో డిస్టిలరీ వ్యర్థజలం. 1995లో పీహెచ్, గ్లూటమేట్ కలిసి ఎలా శాసిస్తాయన్నది. ఒక్కో పత్రంలో ఒకటో రెండో విషయాలు కదిలించి మిగతావి కదలకుండా పట్టుకున్నారు. తొందర లేదు, గొప్పలు లేవు. 1993లో హంగరీకి చెందిన కోర్నెల్ కోవాచ్‌తో కలిసి రాసిన సమీక్ష 85 పేజీలు. ఈ బాక్టీరియాల శరీరధర్మం గురించి, హైడ్రోజన్ ఉత్పత్తి గురించి అప్పటిదాకా ప్రపంచానికి తెలిసినదాన్ని ఒక్కచోట పోసి పెట్టిన పని అది. తర్వాత ఈ రంగంలోకి వచ్చినవాళ్ళలో దాన్ని చదవకుండా ముందుకెళ్ళినవాళ్ళు తక్కువ.

ఇలాంటి ప్రయోగాన్ని ఎప్పుడైనా చూసే అవకాశం వస్తే సీసా రంగును గమనించండి. ఈ బాక్టీరియాకు పసుపు వర్ణం ఇచ్చే కెరోటినాయిడ్ ఒకటి ఉంది. గాలి లేనప్పుడు సీసా గోధుమ రంగులో, కాస్త ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. మూత సరిగ్గా బిగించక లోపలికి గాలి దూరిందంటే ఆ కెరోటినాయిడ్ ఆక్సిజన్ చేరి ఎర్రది అయిపోతుంది, సీసా మొత్తం ఎరుపెక్కుతుంది. మీటరు చూడకముందే కన్ను చెప్పేస్తుంది. ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడవుతుంది కాబట్టి ఆ రంగు మారడం అంటే ఆ రోజు పని పోయినట్టే. ఏళ్ళ తరబడి దీనితో ఉన్నవాళ్ళకు గది గుమ్మంలో నిలబడితే చాలు, ఏ సీసా బాగుందో తెలిసిపోతుంది.

దీపం ఎంపికలో కూడా ఒక కిటుకు ఉంది. ఈ బాక్టీరియాలోని బాక్టీరియోక్లోరోఫిల్ 800 నుంచి 875 నానోమీటర్ల మధ్య కాంతిని బాగా పీలుస్తుంది. అది మన కంటికి కనపడని పరారుణ ప్రాంతం. మనకు వెలుగు తక్కువా వేడి ఎక్కువా ఇచ్చి కరెంటు దండగ చేసే పాత ఫిలమెంటు బల్బు వీటికి మహా ఇష్టం. అయితే ఆ వేడి మాధ్యమాన్ని 35 డిగ్రీలు దాటించకుండా చూసుకోవాలి. సీసా లోపల గాలిని తీసేసి ఆర్గాన్ నింపుతారు. ఆక్సిజన్ పోవడం ఒకందుకు, నత్రజని పోవడం ఇంకొకందుకు. ఇక్కడ కూడా జరిగేది తీసేయడమే.

ఇంత జాగ్రత్తగా పుట్టించిన హైడ్రోజన్‌లో కొంత భాగాన్ని బాక్టీరియా మళ్ళీ మింగేస్తుంది. దాని పొరలో అప్‌టేక్ హైడ్రోజినేజ్ అనే ఇంకో ఎంజైము ఉంటుంది. అది హైడ్రోజన్‌ను పట్టి, ఎలక్ట్రాన్లు విడదీసి మళ్ళీ కణం ఖాతాలో వేస్తుంది. మనం ఒక పక్క పాలు పితుకుతుంటే దూడ ఇంకో పక్క తాగేస్తున్నట్టు. 1990లో ఉస్మానియాలో నైట్రోజినేజ్‌తో పాటు హైడ్రోజినేజ్‌ను కూడా కొలిచింది ఇందుకే. పుట్టేదెంత, పోయేదెంత రెండూ తెలియాలి కదా.

ఆ దూడను కట్టేసిన పని 2008లో అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో జరిగింది. గోఖాన్ కార్స్, ఇన్జీ ఎరోలు, మెరల్ యూజెల్, ఉఫుక్ గుండుజ్‌లతో హంగరీ శాస్త్రవేత్తలు కలిశారు. వాళ్ళలో కోవాచ్ ఉన్నాడు, అంటే 1993లో శశికళ బృందంతో సమీక్ష రాసిన మనిషే. వాళ్ళు ఎంచుకున్నది ఓ.యూ. 001నే. అప్‌టేక్ హైడ్రోజినేజ్‌ను తయారుచేసే హప్-ఎస్, హప్-ఎల్ జన్యువుల మధ్యలో జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును చొప్పించి, బాక్టీరియాలో తనంతట తాను నిలవలేని ఒక వాహక డీఎన్ఏ మీద దాన్ని లోపలికి పంపారు. ఆ వాహకం నిలవదు కాబట్టి, జెంటమైసిన్ ఉన్నా బతికిన కణం అంటే కొత్త ముక్కను తన జన్యువులో కలుపుకున్న కణం అన్నమాట. పీసీఆర్‌తో చూశారు, క్రమం చదివారు, ఎంజైము పని నిజంగా ఆగిందో లేదో కొలిచారు. మార్చిన బాక్టీరియా పెరుగుదలలో అసలుదానికి తీసిపోలేదు. వదిలిన హైడ్రోజన్ మాత్రం 20 శాతం ఎక్కువ.

20 శాతం అంటే తక్కువగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో గొప్పతనం ఆ అంకెకంటే పని శుభ్రతలో కనిపిస్తుంది. ఒక్క జన్యు ప్రాంతం, ఒక్క మార్పు, కణానికి ఇంకే నష్టమూ లేదు, వచ్చిన తేడా ఎందుకు వచ్చిందో అనుమానానికి తావు లేదు. ఇంత శుభ్రమైన ఫలితం రావడానికి కారణం ఆ బాక్టీరియా అప్పటికే అణువణువూ తెలిసినది కావడం. ఏ పీహెచ్‌లో ఎలా ఉంటుంది, ఎంత గ్లూటమేట్‌కు ఏం చేస్తుంది, ఏ వాయువు కింద ఎంత ఇస్తుంది అన్నదంతా ఉస్మానియా పత్రాల నాటి నుంచి పోగైన జ్ఞానం. జన్యువులు మార్చేవాళ్ళకు ఇలా బాగా తెలిసిన జీవి దొరకడం పెద్ద వరం.

బయటి ప్రపంచంలో కూడా పని ఇదే దారిలో సాగింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కరోలిన్ హార్వుడ్ బృందం 2007లో రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్ అనే ఇంకో ఊదా బాక్టీరియాలో, అమ్మోనియం ఉన్నా నైట్రోజినేజ్ మూతపడకుండా ఉండే రకాలను వేరుచేసింది. కాలిఫోర్నియాలో అనస్టాసియోస్ మెలిస్ బృందం 2000లో ఆకుపచ్చ నాచుకు గంధకం అందకుండా చేసి, అది వదిలే ఆక్సిజన్‌ను తగ్గించి హైడ్రోజన్ రాబట్టింది. వాళ్ళు కూడా ఒకటి తీసేశాకే ఇంకొకటి పొందారు.

ఇక డిస్టిలరీ నీళ్ళ సంగతి. మాలిక్ ఆమ్లం కొని బాక్టీరియాకు పోసి హైడ్రోజన్ తీస్తే గిట్టదు. సేంద్రియ పదార్థం నిండిన మురుగును తిండిగా పెడితేనే లెక్క కుదురుతుంది. 1992లో ఉస్మానియా బృందం చేసింది అదే. అంకారావాళ్ళు తమ ప్రాంతంలో దొరికే ఆలివ్ నూనె మిల్లుల మురుగు వాడారు. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: ఈ మురుగులు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, వెలుతురు లోపలికి పోదు. బాగా నీళ్ళు కలిపి పలచన చేస్తే గానీ బాక్టీరియాకు దీపం కనపడదు.

తార్నాకలో ఐఐసీటీ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకుంది. ఎస్. వెంకట మోహన్ అక్కడ మురుగునీటి నుంచి హైడ్రోజన్ మీద చాలా ఏళ్ళు పనిచేశారు, 2014లో ఇంజనీరింగ్ విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. మొదట చీకట్లో పులియబెట్టే బాక్టీరియాతో కొంత హైడ్రోజన్ తీసి, అవి వదిలిన ఆమ్లాలను వెలుతురు బాక్టీరియాకు ఇవ్వడం ఈ రంగంలో బాగా నలిగిన ఆలోచన. దాని లెక్క చూడముచ్చటగా ఉంటుంది. చీకట్లో ఒక గ్లూకోజ్ అణువు నుంచి గరిష్ఠంగా నాలుగు హైడ్రోజన్ అణువులు, రెండు ఎసిటిక్ ఆమ్ల అణువులు వస్తాయి. ఆ రెంటినీ ఊదా బాక్టీరియా తింటే ఇంకో ఎనిమిది. మొత్తం పన్నెండు. గ్లూకోజ్ నుంచి అంతకు మించి రావడానికి అందులో ఎలక్ట్రాన్లు లేవు. కాగితం మీది ఈ పన్నెండును సీసాలో చూడాలని హైదరాబాదులోనే కాదు, చాలా దేశాల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి.

పరిమితులు దాచకూడదు. నైట్రోజినేజ్ నిదానమైన ఎంజైము, పైగా ఖర్చుదారు. సీసాలో కణాలు పెరిగేకొద్దీ ముందు వరస వెనక వరసకు వెలుతురు అడ్డుపడుతుంది, అందుకే పలచటి, వెడల్పాటి పాత్రలు కావాలి, వాటికి చాలా స్థలం కావాలి. పడిన కాంతిలో హైడ్రోజన్‌గా మారేది చాలా చిన్న భాగం. నీటిని కరెంటుతో విడదీసే యంత్రాలతో పోటీపడి రేపు బస్సులు నడిపే స్థాయి దీనికి ఇంకా రాలేదు. కానీ మురుగును శుభ్రం చేసే చోట, ఎలాగూ కాలువ పాలయ్యే పదార్థం నుంచి ఇంధనం రాబట్టే దారిగా దీని విలువ తగ్గదు. సహజవాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుందని గుర్తుపెట్టుకుంటే, ఏ చిన్న ప్రత్యామ్నాయాన్నీ తోసిపారేయలేం.

శశికళ జేఎన్‌టీయూ హైదరాబాదులో, వెంకటరమణ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఆ బాక్టీరియాలతోనే కొనసాగారు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పని ఇంకో వ్యాసానికి సరిపోతుంది. తీరం వెంబడి, చెరువుల్లో, మడుల్లో వెతికి, శాస్త్రానికి అప్పటిదాకా తెలియని ఊదా బాక్టీరియా జాతులను పదులకొద్దీ వర్ణించారు. 2007లో వర్ణించినవాటిలో థయోరోడోకోకస్ కాకినాడెన్సిస్, మారిక్రొమాటియం భీమ్లికం, రోడోవులం విశాఖపట్నమెన్స్ ఉన్నాయి. కాకినాడ, భీమిలి, విశాఖ పేర్లు ప్రపంచ సూక్ష్మజీవుల పట్టికలోకి అలా చేరాయి. 2019లో వాళ్ళ బృందమే మొత్తం జన్యుక్రమాలు పోల్చి, రోడోబాక్టర్ ప్రజాతి ఒక్కటి కాదు, దాన్ని విడదీసి కొత్త ప్రజాతులు పెట్టాలని ప్రతిపాదించింది. తాము మూడు దశాబ్దాల కిందట చేతిలోకి తీసుకున్న జీవి పేరునే మళ్ళీ పరీక్షకు పెట్టిన పని అది.

ఉస్మానియాలో, దాని అనుబంధ కాలేజీల్లో సూక్ష్మజీవశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. కిరణజన్య సంయోగక్రియ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని విదేశీ ఉదాహరణలతో పాటు ఓ.యూ. 001 కథ కూడా చెప్పండి. 1990 నాటి ఆ చిన్న పత్రాలను పిల్లల చేత చదివించండి. ఒక్క విషయం కదిలించి మిగతావి కదలకుండా పట్టుకోవడం ఎలాగో అందులో వాళ్ళకు దొరుకుతుంది.